కరెంటు పోతే మొదట లేచేదెవరు

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే. "పంపన్నా, ఏ ఇంటికి ఎంత బ్యాటరీ పెట్టల్ల?" దానికి లెక్క ఉంది. ఆ లెక్క ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతుంది కాబట్టి నేను రాయను. దరఖాస్తులు, సబ్సిడీలు, నా జీతం ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు పెరగలేదు అనే పురాణం కూడా విప్పను. ఆ పురాణం మా ఇంట్లోనే ఎవరూ వినరు, మీకెందుకు?

నా బతుకంతా బళ్ళారిలో బ్యాటరీల మధ్యే గడిచింది. మొదట కౌల్ బజార్‌లో ఆటోలకు, ట్రాక్టర్లకు బ్యాటరీలు చార్జి చేసే అంగడి. తర్వాత ఇళ్ళకు ఇన్వర్టర్లు. ఆఖరున ఇంటి మీద సోలారు ఉన్నవాళ్ళకు బ్యాటరీ జోడించే పని. జనం నన్ను బ్యాటరీ పంపన్న అంటారు. పంపాపతీ అని పూర్తి పేరుతో పిలిస్తే ఎవరినో పిలుస్తున్నారనుకుని నేనే పక్కకు చూస్తాను. ఇప్పుడు పని మానేశాను. చేతులు ఖాళీగా ఉన్నాయి, చెప్పడానికి మాత్రం చాలా ఉంది.

ఖాదర్ భాయ్ పరీక్ష

నాకు పని నేర్పింది ఖాదర్ భాయ్. కౌల్ బజార్‌లో ఆయన అంగడి ఎంత ఇరుకంటే, ఒక బ్యాటరీ లోపలికి రావాలంటే ఒక మనిషి బయటికి పోవాలి. ఆయన చొక్కాలన్నిటికీ యాసిడ్ చిల్లులే. ఆ చిల్లులు చూపించి, "ఇదే నా సర్టిఫికెట్టు" అని నవ్వేవాడు. నేను చూసిన పనివాళ్ళలో అంతటి మనిషి ఇంకొకడు లేడు. ఈ మాట ఆయన ఉండగా ఆయనతో అనలేకపోయాను, ఎందుకంటే అంటే తిట్టేవాడు.

ఇన్వర్టర్ కావాలని ఎవరన్నా వస్తే ఆయన ధర చెప్పడు. "సాయంత్రం ఇంటికొస్తా, అందరూ ఉండే టయానికి" అంటాడు. వెళ్ళి, ఇంటాయనను అడిగి, మెయిన్ స్విచ్ తీసేసి ఒక మూల కూర్చుంటాడు. అరగంట ఒక్క మాట మాట్లాడడు. ఆ చీకట్లో ఎవరు ఏం చేస్తున్నారో చూస్తాడు, వింటాడు. నాకు మొదట్లో ఇది పిచ్చిగా తోచింది. ఒక రోజు అడిగేశాను.

"పంపన్నా, బ్యాటరీ ఎంతది అని పూఛ్ నకో, అడగొద్దు," అన్నాడు. "మనిషిని అడిగితే టీవీ అంటాడు, ఏసీ అంటాడు, పక్కింటోనికి ఏముందో అది అంటాడు. కరెంటు పోతే ఇంట్లో ఎవరు పైలే, అందరికన్నా ముందు, లేస్తారో చూడు. ఎందుకు లేస్తాండారో చూడు. బస్, బ్యాటరీ వాళ్ళ కోసం పెట్టు."

ఆ మాట ఎంత నిజమో ఇల్లిల్లూ తిరిగాక తెలిసింది. ఒక వ్యాపారి తన పడకగదిలో ఏసీ నడవాలని పట్టుబట్టాడు. మెయిన్ తీయగానే మొదట లేచింది ఆయన తండ్రి. ఆ పెద్దాయన తడుముకుంటూ వెళ్ళి మెట్ల దగ్గర నిలబడ్డాడు. మేడ మీద ఆరేసిన బట్టలు తేవడానికి పోయిన తన ముసలి భార్య దిగి వచ్చేదాకా అక్కడే నిలబడి, ఆమె చేయి పట్టుకుని దింపాడు. ఖాదర్ భాయ్ ఆ ఇంటికి మొదటి తీగ మెట్ల దీపానికే లాగించాడు. వ్యాపారి గొణిగాడు గానీ, తండ్రి ముఖం చూసి ఊరుకున్నాడు.

ఎండ కాస్తున్నా కరెంటు లేదు

ఇక సోలారు సంగతి. ఇంటి మీద ప్యానెళ్ళు పెట్టించుకున్నవాళ్ళలో ఎక్కువమందికి ఒక రోజు కోపం వస్తుంది. మిట్టమధ్యాహ్నం, ఎండ మాడుస్తుంటే వీధిలో కరెంటు పోతుంది, దాంతోపాటు వాళ్ళ సోలారూ ఆగిపోతుంది. "మోసం చేసినావప్పా" అని ఫోను వస్తుంది.

ఓపికగా చెప్పండి. వీధి లైనుకు కలిపిన మామూలు సోలారు, లైను చచ్చిపోతే తానూ ఆగిపోవాలి. లేకపోతే స్తంభమెక్కి తీగ పట్టుకున్న లైన్‌మన్ మీదికి మన ఇంటి కరెంటు పోతుంది. అంటే అది ఆగిపోవడం ఒక మనిషి ప్రాణం కోసం. ఈ ఒక్క మాట సరిగ్గా చెబితే ఎంత కోపం మీద ఉన్నవాడైనా చల్లబడతాడు. బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టర్ చేరిస్తే, లైను పోగానే ఇల్లు వీధి నుంచి తెగి వేరుపడి తన కరెంటుతో తాను బతుకుతుంది. ప్యానెల్ బోరుబావి అయితే బ్యాటరీ తొట్టి. నీళ్ళు రాని వేళకు తొట్టి కావాలి, అంతే.

నేను చివర్లో పనిచేసిన సోలారు కంపెనీ యజమాని కుర్రవాడు. తీగలు లాగడంలో, జాయింట్లు బిగించడంలో అంత శుభ్రమైన చేయి నేను చూడలేదు. ఆయన వైరింగ్ చూస్తే తల దువ్విన పిల్లను చూసినంత ముచ్చటేసేది. కానీ ఖాదర్ భాయ్ పరీక్ష ఆయనకు గిట్టలేదు. "ఇంటికో అరగంట చీకట్లో కూచుంటే మన పని సాగేదెట్లా?" అనేవాడు. ఇల్లు పెద్దదైతే పెద్ద బ్యాటరీ, చిన్నదైతే చిన్నది, అదీ ఆయన పద్ధతి. నేను ఊఁ అని తల ఊపి, నా అరగంట నేను కూర్చునేవాడిని. బ్యాటరీ అక్కర్లేని ఇంటికి అక్కర్లేదని చెప్పి రావడం కూడా మన పనే. కరెంటు పెద్దగా పోని వీధిలో, పోయినా ఎవరూ లేవని ఇంట్లో, అంత ఖర్చు పెట్టించడం పాపం.

ట్రాక్టరు కడిగినట్టు

మనుషుల అలవాట్లు తెలియకుండా యంత్రం పెట్టకండి. సిరుగుప్ప పక్కన ఒక క్యాంపులో, కాలువ కింద వరి పండించడానికి వలస వచ్చిన కోస్తా వాళ్ళ ఇంట్లో కొత్త లిథియం బ్యాటరీ పెట్టాను. ఇంటావిడ సత్యవతిగారు. ఆయుధపూజ మరునాడు ఆమె ఫోను. బ్యాటరీ చప్పుడు చేయడం లేదట, దీపం వెలగడం లేదట.

పోయి చూస్తే పెట్టె నిండా పసుపు, కుంకుమ, బంతిపూల దండ. మూత తీస్తే లోపల నీళ్ళు. బట్టలు ఇస్త్రీ చేసి పెట్టుకున్నంత పొందికగా ఉండే ఆ సర్క్యూట్ కార్డుల మధ్య నీళ్ళు చూసి నా పైప్రాణం పైనే పోయింది.

"కడిగారా అమ్మా?" అన్నాను.

"కడగమూ? పండక్కి ట్రాక్టరు కడిగాం, మందు కొట్టే పంపు కడిగాం, కాటా కడిగాం," అన్నారు ఆవిడ. "రాత్రుళ్ళు ఇంటికి వెలుగిచ్చేది ఇదే కదండీ. దీన్నొక్కదాన్నీ మాసినట్టు వదిలేస్తే ఏం బావుంటుంది?"

పైపు పెట్టి మరీ కడిగారు. నవ్వు రాలేదు నాకు. ఆ పండగను ఇంత ఇదిగా చేయడం వాళ్ళు ఈ నేలకు వచ్చాక నేర్చుకున్నది. అన్నం పెట్టే వస్తువుకు స్నానం చేయించి బొట్టు పెట్టే మనుషులను తప్పు పట్టడానికి నోరు రాలేదు. తడి ఆరబెట్టి, పోయిన కార్డు మార్చి, బ్యాటరీ పైన గోడకు ఒక చిన్న బల్ల కొట్టించాను. దండ, బొట్టు, దీపం అన్నీ ఆ బల్లకు. కింద పెట్టెకు పొడిగుడ్డ మాత్రమే. ఆనాటి నుంచి పండక్కి ముందు నేను పెట్టిన ఇళ్ళన్నిటికీ కబురు చేసేవాడిని. మీరూ చేయండి. "నీళ్ళు తగలనివ్వకండి" అని కాగితం మీద రాసిస్తే సరిపోదు, ఎందుకంటే పండగనాడు కాగితం ఎవరూ చదవరు.

రూపనగుడి గిర్నీ ఇల్లు

ఇప్పుడు చెప్పేది నేను మరచిపోలేని ఇల్లు. రూపనగుడిలో ఈరన్న అని పిండి గిర్నీ నడిపే మనిషి. ముందు గిర్నీ, వెనక ఇల్లు, ఇంటి మీద సోలారు. భార్య హంపమ్మ. కూతురు గిరిజకు పుట్టుకతోనే వినపడదు. రోజూ బస్సెక్కి బళ్ళారి పోయి జీన్స్ ప్యాంట్లు కుట్టే చోట పని చేసి, పొద్దు మునిగే వేళకు ఇల్లు చేరుతుంది.

నేను వెళ్ళేసరికి ఈరన్న సిద్ధంగా ఉన్నాడు. "టీవీ తిరగల్ల, ఫ్రిజ్జు తిరగల్ల, బోరు మోటరూ తిరగల్ల," అన్నాడు. "ఊరంతా చీకట్లో ఉండేటప్పుడు మా ఇంట్లో మోటరు తిరుగుతాంటే అందరికీ వినపడల్లప్పా."

"సరే ఈరన్నా. ముందు ఒక అరగంట మెయిన్ తీసి కూచుంటా."

"కరెంటు అదే పోతాది గదప్పా, నువ్వు వేరే తీసేదెందుకు?"

"పోయినప్పుడు నేను ఈడ ఉండల్ల గదా," అన్నాను.

అప్పుడే గిరిజ పని నుంచి వచ్చింది. ముఖం కడుక్కుని, శెనక్కాయలు వొలుస్తున్న తల్లి ముందు కూర్చుని చేతులతో మాట్లాడడం మొదలుపెట్టింది. అంత వేగంగా, అంత అందంగా చేతులు ఆడడం నేను ఎప్పుడూ చూడలేదు. తల్లి నవ్వింది, జవాబు చెప్పింది, ఇద్దరూ కలిసి ఎవరినో వెక్కిరించారు. చూపుడువేలి కొస మీద బొటనవేలిని రుద్దే గుర్తు ఒకటి మాటిమాటికీ వస్తుంటే, అదేమిటని అడిగాను.

"గిర్నీ గుర్తప్పా," అంది హంపమ్మ. "గిర్నీ తిరిగేటప్పుడు ఏం వినపడుతుంది? పిండి ఎట్ల కావల్లనో అందరూ చేత్తోనే చెప్తారు. మెల్లగా రుద్దితే మెత్తగా అని. గట్టిగా రుద్దితే బరకగా అని. ఇది చిన్నప్పుడు ఆడే కూచుని అవన్నీ నేర్చుకుంది. మేము వాటి మీదే ఇంత భాష కట్టుకున్నాం. ఇప్పుడు ఏమంటాందో తెలుసునా? మా నాయన ఈపొద్దు బరకగా ఉండాడు అంటాండాది."

మాటలు రాని పిల్ల అని అంతకుముందు నేను ఊరికే అనేసేవాడిని. ఆ సాయంత్రంతో ఆ మాట నా నోట్లోంచి పోయింది. గిర్నీ గుర్తులు నాలుగు ఏరుకుని ఒక తల్లీ కూతురూ ఇంటి భాష తయారు చేసుకున్నారంటే, అంతకన్నా గొప్ప పని నేను నా వృత్తిలో ఎక్కడా చూడలేదు.

ఈరన్న బరకగా ఉండడానికి కారణం ఉంది. గిరిజతో పాటు కుట్టే ముగ్గురు అమ్మాయిలకు కూడా వినపడదు. వాళ్ళు బళ్ళారిలో ఒక గది తీసుకుని, వచ్చే నెల నుంచి తమతో ఉండమని గిరిజను పిలిచారు. ఆమె పోతానంటోంది. "సొంత ఇల్లుండగా గదేంది? టౌను ఆశ పట్టింది దానికి," అని ఈరన్న నాతో అన్నాడు. గిరిజ ఆయన వైపు తిరిగి చేతులు ఎత్తింది. కళ్ళలో నీళ్ళు, చేతుల్లో కోపం. ఏదో పెద్ద మాటే మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడు, వాళ్ళ గొడవ సంగతి పట్టని నేను గోడ దగ్గరకు పోయి మెయిన్ తీశాను.

మొదట లేచింది ఈరన్న. చటుక్కున లేచి, దీర్ఘంగా ఊపిరి వదిలి, బయట అరుగు మీదికి పోయి కూర్చున్నాడు. ఖాదర్ భాయ్ లెక్క ప్రకారం నేను ఆయన వెనక పోవాలి. కానీ నా కళ్ళు లోపలే ఉండిపోయాయి.

గిరిజ ఫోను తీసి టార్చి వేసింది. ఒక చేయి దానికే పోయింది. మిగిలిన చేత్తో చెబుతోంటే తల్లికి సగమే అర్థమవుతోంది. ఫోనును చెంబుకు ఆనించి నిలబెట్టింది. ఆ వెలుగు తల్లి కళ్ళలో పడి, చేతులు నల్లగా కనబడ్డాయి. ఇంకోసారి జరిపి చూసింది. తర్వాత టార్చి ఆర్పేసి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను అరగంట ఆగలేదు. వెంటనే మెయిన్ వేశాను.

"రోజూ ఇంతేనప్పా," అంది హంపమ్మ. "అది పని నుంచి వచ్చేదీ ఈ పొద్దుకే, కరెంటు పోయేదీ ఈ పొద్దుకే. మాట్లాడల్లంటే దానికి రెండు చేతులు కావల్ల. ఒకటి టార్చికి పోతే సగం మాటే." గొంతు తగ్గించి అంది, "మా ఆయనకు మాత్రం చీకటి బాగా కలిసొస్తాది. ఆయనకు వచ్చేది గిర్నీ గుర్తులే. కూతురు ఏదన్నా నిలదీసిందంటే కరెంటు పోయేదంకా గడిపి లేచి పోతాడు."

ఖాదర్ భాయ్ మాటకు నేను చేర్చిన మాట ఈ ఒక్కటే. కరెంటు పోతే మొదట లేచేవాళ్ళను చూడండి. ఆ తర్వాత, లేవలేక ఉన్నచోటే ఆగిపోయినవాళ్ళను చూడండి.

దీపం ఎక్కడ ఉండాలి

మోటరు తిప్పేంత బ్యాటరీ పెట్టనని చెబితే ఈరన్న ముఖం మాడింది. బ్యాటరీ తెచ్చి పెడితే ఇంకా మాడింది. "ఇంత చిన్నదా? పెండ్లికి ఇచ్చే టిఫిను డబ్బా ఉన్నట్టు ఉంది గదప్పా. నాకు బేజారైతాండాది."

"ఈరన్నా, కరెంటు పోతే నీ ఇంట్లో ఆగిపోతాండేది నీ కూతురి మాట," అన్నాను. "ముందు దాన్ని నడిపిద్దాం. మోటరు తెల్లారినాక తిరుగుతుంది."

ఆయన గిర్నీలోకి పోయి బెల్టు సరిచేసుకుంటున్నట్టు కూర్చున్నాడు.

ఆ ఇంటి పనికి మేస్త్రీ గిరిజే అయింది. సోలారుకున్న పాత ఇన్వర్టర్ తీసి, బ్యాటరీతోనూ వీధి లైనుతోనూ నడిచేదాన్ని బిగించాను. బ్యాటరీని పిండి దుమ్ము చేరని లోపలి గోడకు పెట్టాను. దీపాల దగ్గరికి వచ్చేసరికి నా తెలివి చాలలేదు. నేను ఎప్పుడూ పెట్టినట్టు గోడకు పెట్టబోతే గిరిజ తల అడ్డంగా ఊపింది. దీపం వెనకుంటే చేతులు నల్లబడతాయి, ముందుంటే కళ్ళు చెదురుతాయి. తల్లిని ఎదురుగా కూర్చోబెట్టి, నన్ను నిచ్చెన మీద అటూ ఇటూ జరిపి, ఇద్దరి నడినెత్తికి కొంచెం పక్కగా చోటు చూపించింది. అక్కడ పెడితే చేతుల గీతలు కూడా కనబడ్డాయి.

ఇంకొకటి తల్లితో అడిగించింది. లైను పోయినప్పుడు దీపం ఒకసారి ఆరి వెలుగుతుందా అని. ఆ క్షణం చేతిలో ఉన్న మాట పోతుందట. పాతరకం ఇన్వర్టర్లలో దీపం అలాగే కన్ను కొడుతుంది. ఇన్నేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగిన మనిషి లేడు. నేను పెట్టింది దీపం కన్ను కొట్టనిది. అయినా ఆమె ముందు పదే పదే మెయిన్ తీసి వేసి చూపించాను. గిరిజ దీపం చూడలేదు, తన చేతుల్నే చూసుకుంది. చివరికి బొటనవేలు మెల్లగా రుద్దింది. మెత్తగా ఉందని.

అసలు కరెంటు పోయినప్పుడు

పని అయిపోయినా నేను ఆ సాయంత్రం అక్కడే ఉండిపోయాను. మనం మెయిన్ తీయడం వేరు, ఊరి కరెంటు పోవడం వేరు. కరెంటు ఎప్పుడు వస్తుందా అని అందరూ ఎదురుచూస్తారు, ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసింది ఆ ఊళ్ళో నేనొక్కడినే అయ్యుంటాను.

గిర్నీ కట్టేసి ఈరన్న లోపలికి వచ్చాడు. గిరిజ మళ్ళీ గది మాట ఎత్తింది. ఆయన పైకప్పు చూస్తూ, మెడ గోక్కుంటూ గడుపుతున్నాడు. ఇంతలో కరెంటు పోయింది. పక్కింటి టీవీ ఆగింది, వీధి నల్లబడింది, ఎవరో పిల్లలు కేక వేశారు.

ఈరన్న అలవాటు చొప్పున లేచాడు. గుమ్మం దాకా పోయాడు. వెనక నుంచి గిరిజ నేల మీద అరచేత్తో చరిచింది. ఆయన తిరిగి చూశాడు. దీపం వెలుగుతూనే ఉంది. కూతురి చేతులు ఎత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి. ఆయన దీపం వంక చూశాడు, నా వంక కొంచెం కోపంగా చూశాడు, వచ్చి కూర్చున్నాడు.

గిరిజ చెబుతూ పోయింది. ఆయనకు గిర్నీ గుర్తులు తప్ప రావు కాబట్టి హంపమ్మ నోటితో చెప్పింది.

"టౌను ఆశతో పోతాలేను అంటాండాది. ఆడ గదిలో దీపం ఆరదంట. తిన్నంక కూడా అందరూ మాట్లాడుకుంటారంట. ఈడ పొద్దు మునిగితే నేను ఈ ఇంట్లో లేనట్టే ఉంటాది అంటాండాది."

ఈరన్న దీపం వైపు చేయి చూపించి, "ఇప్పుడు దీపం ఉండాది గదా. పోవద్దని చెప్పు," అన్నాడు.

హంపమ్మ చెప్పింది. గిరిజ తండ్రిని చూస్తూ మెల్లగా, ఒక్కొక్క గుర్తూ విడివిడిగా చేసింది. హంపమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని చెప్పింది.

"దీపం ఉంటే చాలదంట. దీపం కింద నువ్వు కూచోవల్లంట. కూచుని మాట్లాడితే పోనంటాండాది."

నాకిక అక్కడ పని లేదు. సంచి తీసుకుని బయటికి వచ్చాను. బస్సు ఆగే చోటికి పోతూ ఒకసారి వెనక్కి చూశాను. చీకటి వీధిలో ఆ ఒక్క కిటికీయే వెలుగుతోంది, లోపలి గోడ మీద చేతుల నీడలు కదులుతున్నాయి. తల్లివీ కూతురివీ నేను గుర్తుపట్టగలను. మూడో జత చేతులు లావుగా ఉన్నాయి. ఒక గుర్తు చేసి, తప్పయి, ఆగి, మళ్ళీ మొదటి నుంచి చేస్తున్నాయి.